శుభ్రమైన పైపు... శుభ్రం కాని పొగ

మీ ఇంట్లో పొగతాగే పెద్దవారు ఎవరైనా ఉన్నారా? తాగేది ఫిల్టర్ సిగరెట్టే కదా అనో, హోల్డర్ పెట్టుకునే తాగుతున్నాను కదా అనో వారు ఎప్పుడైనా మీకు సర్దిచెప్పారా? అయితే ఈ వారం కథ మీరు చదివాక వారికీ చదివి వినిపించండి. ఇది ఒక మంచి పనివాడి కథ. పొగాకు పైపును శుభ్రంగా, హాయిగా వాడుకునేలా మార్చడానికి ఆయన పడినంత శ్రమ చాలా కొద్దిమందే పడి ఉంటారు. ఆయన పేరు ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్. ఖరీదైన లైటర్లు, పెన్నులు, సెంటు సీసాలు, సిగరెట్ పెట్టెల మీద ఆ ఇంటిపేరు మీరు చూసే ఉంటారు.

పైపులు చేసినాయనతో వైద్యుడికేం పని అనుకుంటున్నారేమో. పని ఉంది. ఆయన ప్రయత్నం ఎంతవరకు ఫలించిందో, ఎక్కడ ఆగిపోయిందో తెలిస్తే, మా ఓపీకి వచ్చే చాలామంది చేస్తున్న పొరపాటు మీకు సులువుగా అర్థమవుతుంది.

జీన్ల కొట్టులో మొదలు

డన్‌హిల్ 1872 సెప్టెంబరు 30న ఉత్తర లండన్‌లోని హార్న్‌సీలో పుట్టారు. తండ్రి హెన్రీకి యూస్టన్ రోడ్డులో గుర్రాల జీన్లు, కళ్లేల వ్యాపారం ఉండేది. ఆల్‌ఫ్రెడ్ 15 ఏళ్లకే తండ్రి దగ్గర పనిలో చేరారు. తోలు కోయడం, కుట్టడం, కొనేవాడికి ఏది సౌకర్యమో గమనించడం అక్కడే నేర్చుకున్నారు. 1893లో, ఇరవై దాటీదాటని వయసులో, వ్యాపారం ఆయన చేతికి వచ్చింది.

అది లండన్ వీధుల్లోకి మోటారు బండ్లు వస్తున్న కాలం. 1896లో బ్రిటన్‌లో ఆ బండ్ల వేగం మీద ఉన్న పాత ఆంక్షలు సడలించారు. గుర్రాల రోజులు ఎంతోకాలం సాగవని ఈ యువకుడు పసిగట్టారు. జీన్లు కుట్టే తోలుతోనే మోటారు నడిపేవారికి కోట్లు కుట్టించారు. కళ్లద్దాలు, హారన్లు, దీపాలు, గడియారాలు తెచ్చి పెట్టారు. మోటారు ఒక్కటి తప్ప బండికి కావలసినవన్నీ మా దగ్గర దొరుకుతాయన్నదే ఆయన ప్రచారం. వేగంగా వెళ్లేవారు దూరాన ఉన్న పోలీసును ముందే గుర్తుపట్టడానికి బైనాక్యులర్ లాంటి కళ్లద్దాలు కూడా అమ్మారు. చూశారా, మనిషికి ఎక్కడ ఇబ్బంది ఉంటే అక్కడ ఆయన బుర్ర పనిచేసేది.

గాలికి ఆరని పైపు

ఆ రోజుల్లో కార్లకు పైకప్పు ఉండేది కాదు, చాలావాటికి ముందు అద్దమూ ఉండేది కాదు. నోట్లో పైపు పెట్టుకుని బండి నడిపితే గాలికి నిప్పు ఎగసి మొహాన పడేది, లేదంటే పొగాకు అంతా ఒక్కసారిగా మండిపోయేది. 1904లో డన్‌హిల్ దీనికి ఉపాయం కనిపెట్టారు. పైపు గిన్నె ముందు అంచును గోడలా పైకి లేపారు. గాలి ఆ గోడకు తగిలి పక్కకు పోతుంది, లోపల నిప్పు నిలకడగా ఉంటుంది. దానికి పేటెంట్ కూడా తీసుకున్నారు. జీన్ల వ్యాపారి పొగాకు దారి పట్టింది ఈ పైపుతోనే.

1907లో లండన్ సెయింట్ జేమ్స్ ప్రాంతంలోని డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచారు. కిరాణా కొట్టులో పొట్లం కట్టి ఇచ్చినట్టు కాకుండా, వచ్చిన ప్రతివారి అభిరుచీ అడిగి, రకరకాల ఆకులు పాళ్లు మార్చి కలిపి ఇచ్చేవారు. ఎవరి పాళ్లు ఏమిటో ఒక పుస్తకంలో రాసిపెట్టుకునేవారు. మళ్లీ వచ్చినప్పుడు అదే రుచి తప్పకుండా దొరకాలి కదా! 1910లో సొంతంగా పైపులు చేసే చిన్న కార్ఖానా పెట్టారు. మధ్యధరా తీరంలో పెరిగే బ్రయర్ అనే పొద వేరుబుడిపె ఎంత వేడికైనా తొందరగా కాలిపోదు. ఆ కొయ్యను ఏరికోరి తెచ్చి పైపులు తీర్చేవారు.

చేత్తో చేసిన పైపుకు నోట పెట్టుకునే ముక్క ఒకవైపే సరిగ్గా అమరుతుంది. కొన్నవారు దాన్ని తలకిందులుగా బిగించేవారు. అందుకని పైకి రావలసిన వైపు ఒక తెల్లచుక్క పెట్టించారు. ఆ చుక్కే తర్వాతి కాలంలో ఆ పైపులకు గుర్తుగా నిలిచిపోయింది.

పైపులోని మురికికి విరుగుడు

ఇక అసలు సంగతికి వద్దాం. పైపు తాగేవారిని ఎప్పుడూ విసిగించేది లోపల చేరే మురికి. పొగాకు మండినప్పుడు నీటి ఆవిరి, తారు, నూనెల్లాంటి పదార్థాలు పొగతో కలిసి కాడలోకి వస్తాయి. కాడ చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ చల్లబడి చుక్కలుగా మారతాయి. పీల్చినప్పుడల్లా గుడగుడమంటుంది. చేదు రసం నాలుకకు తగులుతుంది. రోజులు గడిచేకొద్దీ కాడ లోపల నల్లటి జిగురు పేరుకుని దుర్వాసన వేస్తుంది. అంత సన్నటి రంధ్రాన్ని శుభ్రం చేయడం తేలికైన పని కాదు.

డన్‌హిల్ ఆలోచన సాదాసీదాగా ఉంది. రంధ్రాన్ని కడగడం కష్టమైతే, రంధ్రం లోపల ఇంకో గొట్టం పెడితే సరి. కాడలో సరిగ్గా ఇమిడే సన్నటి అల్యూమినియం గొట్టం చేయించారు. పొగ ఆ గొట్టంలోంచే వస్తుంది, తారు, తడి ఆ గొట్టంలోనే మిగిలిపోతాయి. పైపు తాగడం అయ్యాక గొట్టాన్ని బయటకు లాగి శుభ్రం చేసుకోవచ్చు, పాడైతే కొత్తది వేసుకోవచ్చు. కొయ్య మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. 1912 నాటి ఆ పేటెంట్ నంబరును చాలా ఏళ్లపాటు పైపుల మీద ముద్రించారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న బ్రిటిష్ అధికారులకు ఈ పైపులు, పొగాకు పార్శిళ్లుగా వెళ్లేవి. తెల్లచుక్క పేరు అలా దేశదేశాలకు పాకింది. 1917 ప్రాంతంలో ఇసుకను వేగంగా కొట్టించి కొయ్య మీద గరుకు నగిషీ తెచ్చే పద్ధతి వచ్చింది. 1921లో వేల్స్ యువరాజు ఆయన దుకాణాన్ని తన పొగాకు సరఫరాదారుగా గుర్తించారు. 1920లలో న్యూయార్క్, పారిస్ నగరాల్లో దుకాణాలు వెలిశాయి. ఒంటి చేత్తో వెలిగించుకునే లైటర్ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. 1924లో డన్‌హిల్ ప్రపంచంలోని రకరకాల పైపుల చరిత్ర మీద ఒక పుస్తకం రాశారు. ఆ దశాబ్దం చివర్లో వ్యాపార బాధ్యతలను కుటుంబానికి వదిలి పక్కకు తప్పుకున్నారు.

గొట్టంలో ఆగేది ఏమిటి? ఆగనిది ఏమిటి?

ఇప్పుడు వైద్యుడిగా నేను చెప్పాల్సిన మాట. డన్‌హిల్ తీర్చింది పైపు సమస్య. చేదు తగ్గింది, జిగురు తగ్గింది, దుర్వాసన తగ్గింది. ఒక వస్తువును ఇంత శ్రద్ధగా బాగుచేసినందుకు ఆయన్ను మెచ్చుకోవాల్సిందే. కానీ పైపు శుభ్రపడటం వేరు, పొగ శుభ్రపడటం వేరు.

మీ వంటింట్లో టీ వడకట్టే జల్లెడను గుర్తుతెచ్చుకోండి. అందులో ఆకు, అల్లం ముక్కలు ఆగుతాయి. రంగు ఆగుతుందా? చక్కెర ఆగుతుందా? ఆగవు. అవి నీళ్లలో కలిసిపోయి ఉంటాయి. పొగ సంగతీ అంతే. పెద్ద చుక్కలు చల్లటి గొట్టం గోడకు అంటుకుంటాయి. కానీ పొగలోని రేణువుల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ కంటే చిన్నవి, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండవు. అవి గొట్టం గోడను తాకకుండానే గాలితో పాటు దూసుకొస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ అయితే అచ్చమైన వాయువు. రక్తంలో ఆక్సిజన్‌కు దక్కాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది. దాన్ని ఏ అల్యూమినియం గొట్టమూ ఆపలేదు. అలవాటుకు బానిసను చేసే నికొటిన్ ఎలాగూ రావాల్సిందే, అది రాకపోతే పైపు తాగేవారికి తృప్తే ఉండదు.

ఇంకో విషయం. చాలామంది పైపు పొగను గుండెల నిండా పీల్చరు, నోట్లోనే ఉంచుకుని వదిలేస్తారు. అందుకే సిగరెట్ తాగేవారితో పోలిస్తే పైపు తాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ. ఇది నిజమే, దాచాల్సిన పనిలేదు. కానీ పైపు పొగకు క్షార గుణం ఎక్కువ, పీల్చకపోయినా నికొటిన్ నోటి లోపలి పొరల నుంచే రక్తంలోకి చేరుతుంది. పొగ ఎక్కడ నిలిస్తే అక్కడ దెబ్బ తగులుతుంది. పైపు తాగేవారి పెదవికి క్యాన్సర్ వస్తోందని జర్మన్ వైద్యుడు జోమరింగ్ 1795లోనే రాశారు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పరిశోధకులు పైపు మాత్రమే తాగే వేలమంది మగవారిని 18 ఏళ్లు గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. పొగాకు ముట్టని వారితో పోలిస్తే పైపు తాగేవారు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు సుమారు 5 రెట్లు, నోరు, గొంతు క్యాన్సర్‌తో దాదాపు 4 రెట్లు, స్వరపేటిక క్యాన్సర్‌తో సుమారు 13 రెట్లు ఉన్నట్టు తేలింది.

పుట్టినరోజున వచ్చిన కబురు

డన్‌హిల్ జీవితంలో ఒక యాదృచ్ఛికం ఉంది. 1950 సెప్టెంబరు 30న ఆయనకు 78 ఏళ్లు నిండాయి. సరిగ్గా అదే తేదీన వెలువడిన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకుల వ్యాసం అచ్చయింది. లండన్‌లోని 20 ఆసుపత్రుల రోగులను పొగ అలవాటు గురించి అడిగి తెలుసుకుని రాసిన వ్యాసం అది. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవారిలో పొగ తాగని వారు కేవలం ఇద్దరు! పొగకు, ఈ క్యాన్సర్‌కు ఉన్న బంధాన్ని ఇంత గట్టిగా చూపిన తొలి పరిశోధనల్లో ఇదొకటి. డన్‌హిల్ దుకాణం ఉన్న ఆ నగరంలోనే ఆ లెక్కలన్నీ తీశారు.

ఆ తర్వాత వారిద్దరూ 1951 నుంచి బ్రిటన్ వైద్యులనే ఏళ్ల తరబడి గమనించారు. 50 ఏళ్ల ఫలితాలు 2004లో వచ్చాయి. జీవితాంతం సిగరెట్ తాగేవారు సగటున సుమారు 10 ఏళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటున్నారని, ఏ వయసులో మానినా లాభం ఉందని ఆ అధ్యయనం చెప్పింది.

డన్‌హిల్ 1959 జనవరి 2న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. పొగాకు మధ్యే బతికిన మనిషి 86 ఏళ్లు జీవించాడు కదా, మా తాతయ్య కూడా చుట్ట తాగుతూనే 90 ఏళ్లు బతికాడు కదా అని. నిజమే. రోడ్డుకు అడ్డంగా కళ్లు మూసుకుని పరిగెత్తినవారిలోనూ కొందరు క్షేమంగా అవతలి వైపుకు చేరతారు. వారిని చూసి మన పిల్లలను అలా పరిగెత్తమని చెప్పం. 90 ఏళ్లు బతికిన తాతయ్యను అందరూ గుర్తుంచుకుంటారు. 55 ఏళ్లకే పోయిన ఆయన తోటివారి గురించి చెప్పేవారెవరూ మిగలరు.

నా కానుక

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు వచ్చిన మొదటి స్టైపెండ్‌తో మా నాన్నగారికి ఒక సిగరెట్ హోల్డర్ కొనిచ్చాను. లోపల చిన్న ఫిల్టర్, అది నల్లబడితే తీసి కొత్తది వేసుకోవడమే. ఆయన ఎంతో మురిసిపోయారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, గోధుమరంగుకు తిరిగిన ఫిల్టర్‌ను పక్కింటివారికి చూపించి, ఈ చెత్తంతా లోపలికి పోకుండా మావాడు ఆపాడని చెప్పేవారు.

అమ్మ అంతకుముందు ఏడాదిగా సిగరెట్లు మానమని పోరు పెడుతోంది. సంక్రాంతికి మానేస్తానని నాన్నగారు మాట కూడా ఇచ్చారు. నా కానుక వచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. డాక్టరు చదివిన కొడుకే కొనిచ్చాడాయె! రోజుకు ఎనిమిది సిగరెట్లు కాస్తా పన్నెండయ్యాయి. ఆరేళ్ల తర్వాత, 58 ఏళ్ల వయసులో, కూరల సంచితో ఇంటికి వస్తూ దారిలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల పరీక్ష చేయిస్తే సీఓపీడీ అని తేలింది, అంటే గాలిగొట్టాలు బిగుసుకుపోయి లోపలి గాలి సులువుగా బయటకు రాని జబ్బు. ఆ రోజే సిగరెట్ మానేశారు. మానడం వల్ల జబ్బు నెమ్మదించింది, కానీ అప్పటికే పాడైన ఊపిరితిత్తులు తిరిగి రాలేదు. తర్వాత పన్నెండేళ్లు బతికారు. ఆ పన్నెండేళ్లలో మేడ మీద మా గదికి ఆయన ఎప్పుడూ ఎక్కి రాలేకపోయారు.

ఫిల్టర్ మీద కనిపించే మరక మనకు ధైర్యాన్నిస్తుంది. ఆగినది కళ్లకు కనిపిస్తుంది, ఆగకుండా లోపలికి పోయింది కనిపించదు. నాన్నగారూ నేనూ మోసపోయింది అక్కడే.

కొత్త గొట్టాలు, పాత పొగ

డన్‌హిల్ తర్వాత కూడా ఇలాంటి గొట్టాలు వస్తూనే ఉన్నాయి. 1950లలో క్యాన్సర్ భయం మొదలయ్యాక ఫిల్టర్ సిగరెట్లు వెల్లువెత్తాయి. అమెరికాలో కెంట్ అనే సిగరెట్ ఫిల్టర్‌లో 1952 నుంచి 1956 వరకు ఏం వాడారో తెలుసా? ఆస్బెస్టాస్ నార! రక్షణ కోసం పెట్టిన వస్తువే క్యాన్సర్ కారకం.

తర్వాత లైట్ సిగరెట్లు వచ్చాయి. వాటి ఫిల్టర్‌కు సన్నటి రంధ్రాలుంటాయి. యంత్రం పీల్చినప్పుడు వాటిలోంచి గాలి కలిసి తారు తక్కువగా నమోదవుతుంది. మనిషి పీల్చేటప్పుడు వేళ్లతో, పెదవులతో ఆ రంధ్రాలను మూసేస్తాడు. పైగా శరీరానికి అలవాటైన నికొటిన్ అందే వరకు ఇంకా గట్టిగా, లోతుగా లాగుతాడు.

హుక్కాలో నీళ్లు పొగను చల్లబరుస్తాయి తప్ప కడగవు. చల్లగా ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు పీలుస్తారు. గంటసేపు హుక్కా తాగితే లోపలికి వెళ్లే పొగ పరిమాణం ఒక సిగరెట్ పొగకు వంద రెట్లు దాటుతుంది. ఇ-సిగరెట్లలో పొగాకు మండదు, నిజమే. కానీ నికొటిన్ అందులోనూ ఉంటుంది, పిల్లలు అలవాటు పడటం తేలిక. మన దేశంలో 2019 నుంచి వాటి అమ్మకంపై నిషేధం ఉంది.

మీరేం చేయాలి?

ఇంట్లో పొగతాగేవారితో పోట్లాడకండి. ఫిల్టర్ ఏం ఆపుతుంది, ఏం ఆపదు అన్నది టీ జల్లెడ చూపించి చెప్పండి. చేయాల్సింది సిగరెట్ మార్చడం కాదు, మానడం.

మానాలనుకునేవారు ఒక తేదీ పెట్టుకోండి. ఆ ముందురోజు రాత్రే పెట్టెలు, లైటర్లు, యాష్‌ట్రే, హోల్డర్ అన్నీ ఇంట్లోంచి తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి చాలావరకు తగ్గుతాయి. తాగాలన్న కోరిక ఒక్కసారిగా వచ్చినా, కొన్ని నిమిషాలు ఆగితే సాధారణంగా దానంతటదే తగ్గుతుంది. ఆ కాసేపు ఒక గ్లాసు నీళ్లు తాగండి, నాలుగడుగులు నడవండి, ఎవరితోనైనా మాట్లాడండి.

సొంతంగా కుదరకపోతే సిగ్గుపడాల్సింది లేదు. నికొటిన్ చూయింగ్ గమ్‌లు, ప్యాచ్‌లు, డాక్టర్ రాసిచ్చే మాత్రలు ఉన్నాయి. గుండెజబ్బు, మూర్ఛ, మానసిక సమస్యలు ఉన్నవారు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా ఇవి వాడకూడదు. కేంద్ర ప్రభుత్వ ఉచిత సలహా ఫోన్ నంబరు 1800-11-2356.

మానిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది. బ్రిటన్ వైద్యుల అధ్యయనం ప్రకారం 40 ఏళ్లకు మానితే సుమారు 9 ఏళ్లు, 50కి మానితే 6 ఏళ్లు, 60కి మానినా 3 ఏళ్ల ఆయుష్షు దక్కుతుంది.

మూడు వారాలు దాటిన దగ్గు, గొంతు బొంగురు, మూడు వారాల్లో మానని నోటిపుండు, నోట్లో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, కఫంలో రక్తం, మెట్లెక్కితే ఆయాసం... వీటిలో ఏది ఉన్నా దగ్గరలోని ఆసుపత్రికి రండి. వచ్చేటప్పుడు మీరు వాడే హోల్డర్, పైపు ఏదైనా ఉంటే అదీ వెంట తెచ్చుకోండి. నా టేబుల్ సొరుగులో మా నాన్నగారి హోల్డర్ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.